నీటి అణువు ధ్రువత: ఒక్క వాక్యంలో ఇమడని జవాబు

నీటి అణువుకు ధ్రువత ఎలా వచ్చిందని అడిగితే, బడిలో రసాయనశాస్త్రం చదివిన ఎవరైనా చెప్పే జవాబు ఒకటుంది. హైడ్రోజన్ కంటే ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కునే గుణం ఎక్కువ, అందువల్ల ఆక్సిజన్ కొసకు కాస్త రుణావేశం, హైడ్రోజన్ల కొసకు కాస్త ధనావేశం చేరతాయి. ఇందులో తప్పేమీ లేదు. అయితే ఇదే జవాబును లిథియం ఆక్సైడ్‌కు పెట్టి చూడండి. పౌలింగ్ కొలమానం ప్రకారం లిథియం రుణవిద్యుదాత్మకత 0.98, ఆక్సిజన్‌ది 3.44, తేడా 2.46. నీటిలో హైడ్రోజన్‌ది 2.20 కాబట్టి తేడా 1.24 మాత్రమే. అంటే నీటిలో కంటే లిథియం ఆక్సైడ్‌లో తేడా దాదాపు రెట్టింపు. అయినా ఆ పదార్థాన్ని బాగా వేడిచేసి, ఆవిరిలో విడి అణువును పరిశీలిస్తే దాని ద్విధ్రువ భ్రామకం, అంటే ధ్రువత కొలత, సున్నా. లిథియం, ఆక్సిజన్, లిథియం మూడూ ఒకే గీత మీద ఉంటాయి. రెండు పక్కల లాగుళ్లు సమానం, దిశలు ఎదురెదురు. లెక్క కొట్టుకుపోతుంది. కార్బన్ డయాక్సైడ్‌లో జరిగేదీ ఇదే.

కాబట్టి లాగుడు ఒక్కటే ధ్రువతను ఇవ్వదు. అణువు వంగి ఉండాలి. వంగడానికి కారణం వేరే ఉంది, ఆ కారణం మీద రసాయన శాస్త్రవేత్తల మధ్య ఇప్పటికీ పేచీ ఉంది. అంతేకాదు, పుస్తకాల్లో నీటి ద్విధ్రువ భ్రామకంగా ఇచ్చే 1.85 డిబై అనే సంఖ్య ఆవిరిలో ఒంటరిగా తిరిగే అణువుది. గ్లాసులోని నీటిలో అణువుకు ఆ విలువ ఉండదు, చాలా ఎక్కువ ఉంటుంది. నీటి ధ్రువత అణువులో కొంత పుడుతుంది, ఇరుగుపొరుగు అణువుల వల్ల ఇంకొంత పెరుగుతుంది. ఈ రెండో భాగాన్ని మన పాఠాలు పూర్తిగా వదిలేస్తున్నాయన్నది ఈ వ్యాసంలో నా ప్రధాన అభ్యంతరం.

వంగి ఉందని ఎలా తెలిసింది

నీటి అణువును ఎవరూ కంటితో చూసి కోణం కొలవలేదు. అది వంగి ఉందన్న సంగతి వేడికీ విద్యుత్తుకూ ఉన్న ఒక సంబంధం నుంచి బయటపడింది. డచ్ శాస్త్రవేత్త పీటర్ డిబై 1912లో ఒక సూత్రం ప్రతిపాదించాడు. ఒక వాయువును విద్యుత్ క్షేత్రంలో పెడితే రెండు పనులు జరుగుతాయి. ప్రతి అణువులోనూ ఎలక్ట్రాన్ మేఘం కాస్త పక్కకు జరుగుతుంది. దీనికి ఉష్ణోగ్రతతో పెద్దగా నిమిత్తం లేదు. అణువులో ముందునుంచే శాశ్వత ధ్రువత ఉంటే ఆ అణువు క్షేత్రం వైపు తిరగాలని చూస్తుంది. వేడి దాన్ని తిరగనివ్వదు, చెల్లాచెదురు చేస్తుంది. కాబట్టి వేడి పెరిగేకొద్దీ ఈ రెండో ఫలితం తగ్గాలి.

అంటే ఒకే వాయువు రోధక స్థిరాంకాన్ని, అంటే విద్యుత్ క్షేత్రాన్ని అది ఎన్నో వంతుకు తగ్గిస్తుందో చెప్పే సంఖ్యను, వేర్వేరు ఉష్ణోగ్రతల్లో కొలిచి, ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గీత గీస్తే చాలు. గీత అడ్డంగా, వాలు లేకుండా వస్తే శాశ్వత ధ్రువత లేదు. వాలు ఉంటే ధ్రువత ఉంది, ఎంత ఉందో ఆ వాలే చెబుతుంది. కార్బన్ డయాక్సైడ్ గీతకు వాలు లేదు. నీటి ఆవిరి గీతకు ఉంది. నీటి అణువు నిటారు గీతలా ఉంటే ఇది సాధ్యం కాదు. పరమాణువులను కంటితో చూసే దారి లేని రోజుల్లో, కెపాసిటర్ పలకల మధ్య ఆవిరి నింపి, అణువు ఆకారాన్ని తేల్చిన ఈ పద్ధతి నాకు ఆ శతాబ్దపు అత్యంత అందమైన వాదనల్లో ఒకటిగా కనిపిస్తుంది. ద్విధ్రువ భ్రామకాల మీద, వాయువుల్లో ఎక్స్ కిరణాలు, ఎలక్ట్రాన్ల వివర్తనం మీద చేసిన కృషికి డిబైకి 1936లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. కొలతకు ఆయన పేరే పెట్టారు.

తర్వాత వర్ణపట కొలతలు సంఖ్యలను బిగించాయి. ఆక్సిజన్, హైడ్రోజన్ కేంద్రకాల మధ్య దూరం దాదాపు 95.7 పికోమీటర్లు. రెండు బంధాల మధ్య కోణం 104.5 డిగ్రీలు, మన పాఠ్యపుస్తకాల్లో 104°31′ అని చూస్తుంటాం. విద్యుత్ క్షేత్రంలో వర్ణపట రేఖలు ఎలా చీలుతాయో చూసి 1973లో తేల్చిన ద్విధ్రువ భ్రామకం 1.855 డిబై. విడి అణువు విషయంలో ఈ విలువ మీద ఇక వివాదం లేదు.

ఆవేశం ఎంత, ఎవరి దగ్గర

కొలత తేలాక సహజంగా వచ్చే ప్రశ్న: మరి హైడ్రోజన్ ఎంత ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుంది? ఒక చిన్న లెక్క చేద్దాం. కోణాన్ని సగం చేసి, బంధం పొడవును అణువు మధ్యరేఖ మీదకు దింపితే ఆక్సిజన్ నుంచి హైడ్రోజన్ల జోడీకి ఉన్న దూరం సుమారు 58.6 పికోమీటర్లు. ఒక్కో హైడ్రోజన్ మీద పూర్తి ధనావేశం ఉంటే ద్విధ్రువ భ్రామకం 5.6 డిబైలు కావాలి. ఉన్నది 1.85. అంటే ఒక్కో హైడ్రోజన్ మీద మూడో వంతు ఆవేశం. బోర్డు మీద రెండు నిమిషాల్లో తేలే ఈ సంఖ్యను ఎంతోమంది ఖాయం అనుకుంటారు.

ఖాయం కాదు. ఈ లెక్క ప్రతి పరమాణువునూ ఒక చుక్కగా భావించింది. నిజంగా ఎలక్ట్రాన్ సాంద్రత అణువంతటా పరుచుకున్న ఒకే మేఘం. అందులో ఏ భాగం ఆక్సిజన్‌ది, ఏ భాగం హైడ్రోజన్‌ది అని గట్లు వేసుకోవడం మన పని, ప్రకృతి వేసి ఇవ్వలేదు. రిచర్డ్ బాడర్ పద్ధతిలో సాంద్రత అతి తక్కువగా ఉన్న ఉపరితలాల వెంట గట్టు వేస్తే ఒక్కో హైడ్రోజన్ మీద సుమారు 0.6 ఆవేశం తేలుతుంది. అలాగైతే ద్విధ్రువ భ్రామకం 3 డిబైలు దాటాలి కదా! దాటదు, ఎందుకంటే పరమాణువు లోపలి మేఘం కూడా పక్కకు ఒరిగి ఉంటుంది. ఆ ఒరుగుడు లెక్కలో చేరి మొత్తాన్ని మళ్లీ 1.85కు తెస్తుంది. కొలవగలిగేది మొత్తం భ్రామకాన్ని మాత్రమే. పరమాణువుల మీది ఆవేశాలు మనం రాసుకున్న పద్దులు. విద్యార్థికి ఈ తేడా చెప్పకుండా ఆవేశాల సంఖ్య చెప్పకూడదు.

రుణవిద్యుదాత్మకత పరిస్థితీ కొంత ఇంతే. లైనస్ పౌలింగ్ 1932లో బంధ శక్తుల తేడాల నుంచి ఆ కొలమానాన్ని నిర్మించాడు. వేర్వేరు పరమాణువుల బంధం, ఒకేరకం పరమాణువుల బంధాల సగటు కంటే ఎంత గట్టిగా ఉందో చూసి, ఆ అదనపు గట్టిదనం ధ్రువత వల్ల వచ్చిందని భావించి అంకెలు కూర్చాడు. అలాంటప్పుడు రుణవిద్యుదాత్మకత వల్లే ధ్రువత వచ్చింది అని చెప్పడంలో కొంత చక్రం తిరగడం ఉంది. లోతైన కారణం ఆక్సిజన్ కేంద్రకంలోని 8 ప్రోటాన్లు. బయటి పొరలోని 6 ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి పూర్తిగా కప్పలేవు, కేంద్రకం లాగుడు పైదాకా తగులుతూనే ఉంటుంది. పరమాణువు చిన్నది కావడంతో ఆ లాగుడు మరింత బలంగా ఉంటుంది. కింది వరుసలో అదే కుటుంబానికి చెందిన గంధకానికి పరిమాణం ఎక్కువ, లాగుడు తక్కువ.

వంకర ఎక్కడి నుంచి

ఇప్పుడు అసలు మెలిక. అణువు ఎందుకు వంగింది?

పాఠ్యపుస్తకాలు చెప్పే జవాబుకు మూలం 1940లో సిడ్విక్, పావెల్ రాసిన వ్యాసం. 1957లో గిలెస్పీ, నైహోమ్ దాన్ని నేటి రూపానికి తెచ్చారు. ఆక్సిజన్ చుట్టూ నాలుగు ఎలక్ట్రాన్ జంటలు. రెండు బంధాల్లో, రెండు ఒంటరిగా. నాలుగూ వీలైనంత ఎడంగా ఉండాలంటే చతుర్ముఖి మూలల వైపు తిరగాలి, కోణం 109.5 డిగ్రీలు. ఒంటరి జంటలు ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి కాబట్టి బంధాలు నొక్కుకుని 104.5కు వస్తాయి. ఇది తేలిగ్గా గుర్తుంటుంది, చాలా అణువుల ఆకారాలను సరిగ్గా ఊహిస్తుంది. పౌలింగ్ 1931 నాటి సంకరీకరణ భావన కూడా దీనికి జత కుదిరింది: నాలుగు సమానమైన సంకర ఆర్బిటాళ్లు, రెండిట్లో హైడ్రోజన్లు, మిగతా రెండు కుందేలు చెవుల్లా పైకి నిక్కి ఉన్న ఒంటరి జంటలు.

ఇక్కడ రెండు ఇబ్బందులు తగులుతాయి. మొదటిది లిథియం ఆక్సైడ్. దాని ఆక్సిజన్ చుట్టూ కూడా లెక్కకు నాలుగు జంటలే, అయినా వంగలేదు. లిథియం తన ఎలక్ట్రాన్‌ను దాదాపు పూర్తిగా వదిలేయడంతో అక్కడ జంటలు దిశలు పట్టుకుని నిలబడవు. రెండు ధనావేశ లిథియంలు ఒకదానికొకటి వీలైనంత దూరం జరుగుతాయి. రెండోది ప్రయోగం నుంచి వచ్చింది. నీటి ఆవిరి మీద అధిక శక్తి కాంతిని ప్రసరింపజేసి, ఎలక్ట్రాన్లను ఊడగొట్టి, ఒక్కోదానికి ఎంత శక్తి పట్టిందో కొలుస్తారు. రెండు ఒంటరి జంటలు అచ్చంగా ఒకేలాంటివైతే ఒకే విలువ రావాలని అనిపిస్తుంది. కానీ 12.6 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒకటి, 14.7 దగ్గర ఇంకొకటి, ఆపైన 18.5 దగ్గర మూడోది కనిపిస్తాయి. ఒక జంట అణువు తలానికి నిలువుగా ఉన్న శుద్ధ పి ఆర్బిటాల్‌లో ఉంది. రెండోది తలంలోనే, కొంత ఎస్ స్వభావం కలుపుకుని, హైడ్రోజన్లకు ఎదురు దిశలో ఉంది.

ఈ చిత్రం నుంచే వంపుకు ఇంకో వివరణ వస్తుంది. ముల్లికెన్ ఆలోచనలను పెంచి వాల్ష్ 1953లో గీసిన పటాల ప్రకారం, అణువు నిటారుగా ఉంటే రెండు ఒంటరి జంటలూ శుద్ధ పి ఆర్బిటాళ్లలో సమాన శక్తితో ఉంటాయి. అణువు వంగగానే వాటిలో ఒకదానికి ఆక్సిజన్ తాలూకు లోతైన ఎస్ ఆర్బిటాల్‌తో కలిసే వీలు చిక్కుతుంది, శక్తి బాగా తగ్గుతుంది. ఆ ఆర్బిటాల్‌లో ఎలక్ట్రాన్లు ఉన్నాయి కాబట్టి వంగడం లాభం. నీటి అణువును బలవంతంగా నిటారు చేయాలంటే మోల్‌కు సుమారు 133 కిలోజౌల్స్ ఖర్చవుతుంది. హైడ్రోజన్ బంధానికి అయ్యే దాని కంటే ఇది ఆరేడు రెట్లు. గది వేడిలో ఏ అణువూ ఆ గట్టు దాటి నిటారు కాలేదు. అందుకే ధ్రువత స్థిరంగా ఉంటుంది.

2014లో క్లాస్, వైన్‌హోల్డ్, ల్యాండిస్ తదితరులు కుందేలు చెవుల చిత్రాన్ని, జంటల వికర్షణ వివరణను పాఠాల నుంచి తొలగించాలని గట్టిగా రాశారు. మరుసటి ఏడాదే హైబర్టీ, డానోవిచ్, షైక్ ఎదురు వాదన చేశారు: రెండు సమాన సంకర జంటల నుంచి కూడా రెండు వేర్వేరు అయనీకరణ శక్తులను సరిగ్గా రాబట్టవచ్చు, ఎందుకంటే ఎలక్ట్రాన్ ఊడిపోయాక మిగిలే అయాన్ స్థితులు రెండు కలయికలుగా చీలతాయి, మొత్తం ఎలక్ట్రాన్ సాంద్రత రెండు చిత్రాల్లోనూ ఒకటే. నా అభిప్రాయంలో గణితం వరకు షైక్ బృందం చెప్పింది న్యాయం. బోధన విషయంలో మాత్రం వైన్‌హోల్డ్ పక్షానికి బలం ఉంది. పిల్లలు చెవులను నిజమైన వస్తువులుగా నమ్ముతారు, తర్వాత హైడ్రోజన్ సల్ఫైడ్ ఎదురుపడితే తికమకపడతారు. ఆ అణువులోనూ నాలుగు జంటలే. కానీ కోణం 92.1 డిగ్రీలు, చతుర్ముఖికి చాలా దూరం. గంధకంలో ఎస్, పి ఆర్బిటాళ్ల పరిమాణాల్లో తేడా ఎక్కువ, కలయిక తక్కువ, బంధాలు దాదాపు శుద్ధ పి దిశల్లోనే ఏర్పడతాయి. దాని ద్విధ్రువ భ్రామకం 0.97 డిబై.

ఒంటరి జంటలు అణువును వంచి ఊరుకోవు. ధ్రువతలో వాటి సొంత వాటా కూడా ఉంది. అమ్మోనియా భ్రామకం 1.47 డిబై, నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్‌ది 0.23 మాత్రమే. ఫ్లోరిన్ లాగుడు అన్నిటికన్నా ఎక్కువ అయినప్పుడు రెండోది పెద్దదిగా ఉండాలి కదా? అమ్మోనియాలో బంధాల దిశ, ఒంటరి జంట దిశ ఒకే వైపు కూడుతాయి. ట్రైఫ్లోరైడ్‌లో ఫ్లోరిన్లు ఎలక్ట్రాన్లను ఇటు లాగితే ఒంటరి జంట అటు నిలబడుతుంది, రెండూ కొట్టుకుపోతాయి. నీటికీ ఆక్సిజన్ డైఫ్లోరైడ్‌కూ మధ్య ఇదే కథ: 1.85కు ఎదురుగా 0.3. నీటిలో అన్నీ ఒకే వైపు కూడాయి. ఈ జోడీలను పక్కపక్కన పెట్టి చూపిస్తే ఒంటరి జంటల పాత్ర ఒక్క తరగతిలో అర్థమవుతుంది.

గ్లాసులోని నీరు

ఇంతవరకు మాట్లాడింది ఒంటరి అణువు గురించి. దప్పిక తీర్చేది అది కాదు.

ఒక నీటి అణువు పక్కన ఇంకోటి చేరితే రెండోదాని విద్యుత్ క్షేత్రం మొదటిదాని ఎలక్ట్రాన్ మేఘాన్ని ఇంకా జరుపుతుంది. జరిగిన మేఘం తిరిగి రెండోదాని మీద పనిచేస్తుంది. 1997లో సేకల్లీ బృందం చిన్న నీటి గుంపుల మీద చేసిన అధ్యయనంలో రెండు అణువుల గుంపులో ఒక్కో అణువు భ్రామకం సగటున 2.1 డిబైలు, ఆరు అణువుల గుంపులో 2.7 అని తేలింది. 2000లో ద్రవ నీటి మీద ఎక్స్ కిరణాల వివర్తనంతో వచ్చిన అంచనా 2.9, అటూ ఇటూ 0.6. ఈ అంచనాకు అంత వెడల్పు ఉండటానికి కారణం మళ్లీ గట్ల సమస్యే: ద్రవంలో ఏ ఎలక్ట్రాన్ ఏ అణువుదో ఎవరు చెప్పాలి? అయినా దిశ స్పష్టం. నీటిలో మునిగిన అణువు, ఆవిరిలోని అణువు కంటే ఒకటిన్నర రెట్ల ధ్రువతతో ఉంటుంది.

ఈ అధ్యాయంలో హైదరాబాద్ పేరు గట్టిగా వినిపిస్తుంది. 1927లో ఆ నగరంలో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, తర్వాత అమెరికాలోని ఆర్గోన్ జాతీయ ప్రయోగశాలకు వెళ్లిన అనీసుర్ రెహమాన్, 1964లో 864 ఆర్గాన్ పరమాణువుల కదలికలను కంప్యూటర్లో అనుకరించి, ద్రవాలను చూసే పద్ధతినే మార్చాడు. 1971లో ఫ్రాంక్ స్టిలింజర్‌తో కలిసి అదే పని నీటికి చేశాడు. ఆ పెట్టెలో ఉన్నవి 216 అణువులు. అవి హైడ్రోజన్ బంధాలు వేసుకుంటూ, తెంచుకుంటూ కదలడం మొదటిసారిగా లెక్కల్లో కనిపించింది. అమెరికా ఫిజికల్ సొసైటీ కంప్యూటేషనల్ భౌతికశాస్త్రానికి ఇచ్చే బహుమతికి ఆయన పేరే ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఆయన కనిపించడు. ఇది సరిదిద్దాల్సిన లోపం.

రెహమాన్, స్టిలింజర్ వాడిన నమూనాలో ప్రతి అణువు మీద నాలుగు ఆవేశ బిందువులు చతుర్ముఖి మూలల్లో ఉండేవి: రెండు ధన, రెండు రుణ. అచ్చంగా కుందేలు చెవులే. నీటి వల నిర్మాణం బాగానే వచ్చింది, కానీ ఆ రకం నమూనాలు నీటిని అవసరానికి మించి బిగుతుగా, మంచుకు దగ్గరగా చూపించేవి. తర్వాత వచ్చిన నమూనాల్లో రుణావేశాన్ని ఆక్సిజన్ దగ్గరే ఒక్కచోట పెట్టారు. జోర్గెన్‌సన్ బృందం 1983లో దాన్ని ఆక్సిజన్ మీద నుంచి కూడా తీసి, హైడ్రోజన్ల వైపు కాస్త జరిపింది. ఒంటరి జంటలు ఉండే వైపుకు పూర్తిగా ఎదురు దిక్కు! చూడగానే తలకిందులుగా అనిపిస్తుంది. 2005లో అబాస్కల్, వేగా ఇదే ఆకృతిని సరిచేసి ఇచ్చిన నమూనా సాంద్రత గరిష్ఠం, మంచు రకాల పటం వంటి ఎన్నో లక్షణాలను చక్కగా రాబట్టింది. కారణం ఏమిటంటే ద్విధ్రువం ఒక్కటే సరిపోదు, దాని వెనక ఉన్న చతుర్ధ్రువ భ్రామకం కూడా సరిగ్గా రావాలి. నీటిలో అది బలంగా ఉంది. అణువు తలంలో హైడ్రోజన్ల ధనావేశం, తలానికి పైనా కిందా పి ఆర్బిటాల్‌లోని రుణావేశం. ఆర్బిటాళ్ల మీద జరిగిన వాదన ఇలా కంప్యూటర్ నమూనాల్లో ఇంకోసారి, వేరే వేషంలో నడిచింది.

పొరుగు అణువుల పాత్ర రోధక స్థిరాంకం దగ్గర ఇంకా స్పష్టం. 25 డిగ్రీల దగ్గర నీటికి అది 78. డిబై వాయువులకు రాసిన సూత్రాన్నే ద్రవ నీటికి పెడితే 800 డిగ్రీల సెల్సియస్ వేడిలో కూడా అణువులన్నీ ఒకే దిక్కుకు తిరిగిపోవాలని వస్తుంది. ఎక్కడా జరగని పని. ప్రతి అణువూ తన చుట్టూ ఉన్న ద్రవాన్ని తానే వంచి, ఆ వంపు ఫలితాన్ని మళ్లీ తానే అనుభవిస్తుందన్న సంగతిని ఆన్సాగర్ 1936లో లెక్కలోకి తెచ్చాడు. ఈసారి విలువ అసలు దాంట్లో సగం కూడా రాలేదు. 1939లో కర్క్‌వుడ్ మిగతాది పూరించాడు: పక్కపక్క అణువులు ఎవరి దిక్కున వారు ఉండరు, జాతరలో రథం తాడు పట్టుకున్నవాళ్లలా ఒక వైపు మొగ్గుతారు. ఆ మొగ్గు హైడ్రోజన్ బంధాల వలది. సాటి ధ్రువ ద్రవాల కంటే నీరు ఇంత ముందు ఉండటానికి అణువు భ్రామకం కంటే ఈ వల ఎక్కువ కారణం.

ఆ 78 వల్లే ఉప్పు కరుగుతుందని చెబుతుంటారు. దూరంగా జరిగిన అయాన్ల మధ్య ఆకర్షణ 78వ వంతుకు తగ్గుతుందన్నది నిజం. కానీ స్ఫటికం నుంచి అయాన్ ఊడే క్షణంలో పని చేసేది దాన్ని ముట్టుకుని ఉన్న నాలుగైదు అణువుల ధ్రువతే. సోడియం క్లోరైడ్ జాలకాన్ని విడగొట్టడానికి మోల్‌కు సుమారు 787 కిలోజౌల్స్ కావాలి. అయాన్ల చుట్టూ నీరు చేరడం వల్ల దాదాపు అంతా తిరిగి వస్తుంది. తేడా 4 కిలోజౌల్స్ లోపే. చిన్న అయాన్‌కు నీటి పట్టు ఇంకా బిగువు. ఫ్లోరైడ్ అలాంటిది. 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా నుంచి దేశంలో తొలిసారిగా వెల్లడైన ఫ్లోరోసిస్, నల్గొండ పల్లెల్లో తరాలను వంచేసిన ఫ్లోరోసిస్, రెండింటి వెనకా ఈ రసాయనమే ఉంది. రాళ్లలోని ఫ్లోరైడ్‌ను భూగర్భ జలం నెమ్మదిగా తనలోకి తీసుకుంటుంది. నీటిలో కాల్షియం తక్కువగా ఉంటే ఇంకా ఎక్కువ చేరుతుంది, ఎందుకంటే ఫ్లోరైడ్‌ను తిరిగి రాయిగా మార్చగలిగేది కాల్షియమే. ఒకసారి నీరు చుట్టుముట్టిన ఫ్లోరైడ్‌ను మరగబెట్టి గానీ, గుడ్డతో వడగట్టి గానీ తీయలేం. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి దాన్ని పేరుకునేలా చేసి అడుక్కి దింపే పద్ధతిని రూపొందించి, నల్గొండ పేరే పెట్టింది. నీటి ధ్రువత గురించి తెలుగు పిల్లలకు చెప్పే పాఠంలో ఉప్పు, పంచదారలతో పాటు ఈ సంగతి తప్పక ఉండాలని నా గట్టి నమ్మకం.

రెండు దొంగ సాక్ష్యాలు

ధ్రువతకు రుజువుగా తరగతి గదుల్లో చూపించే ప్రయోగం ఒకటుంది. దువ్వెనను జుట్టుకు రుద్ది, సన్నగా పడే కుళాయి ధార దగ్గర పెడితే ధార దువ్వెన వైపు వంగుతుంది. అణువులన్నీ తిరిగి ఆకర్షితమయ్యాయని వివరిస్తారు. అంకెలు వేసి చూడండి. గాలి భరించగల గరిష్ఠ విద్యుత్ క్షేత్రం మీటరుకు సుమారు 30 లక్షల వోల్టులు. అంత క్షేత్రంలోనూ ఒక నీటి అణువును తిప్పే శక్తి, గది వేడి దాన్ని కుదిపే శక్తిలో రెండువందలవ వంతు కూడా ఉండదు. పైగా సమ క్షేత్రంలో ద్విధ్రువం మీద తిప్పే బలమే ఉంటుంది, లాగే బలం ఉండదు. 2000లో జర్నల్ ఆఫ్ కెమికల్ ఎడ్యుకేషన్‌లో వచ్చిన వ్యాసం అసలు కారణం చూపించింది: దువ్వెన ఆవేశం వల్ల కుళాయి, పైపుల ద్వారా ఎదురు ఆవేశం ధారలోకి చేరి, ధార తాను ఆవేశం పొందుతుంది. సమ క్షేత్రంలోనూ అది వంగుతుంది. ప్రయోగం అందంగానే ఉంది, అది సాక్ష్యం ఇచ్చేది మాత్రం నీటిలో ఆవేశాల కదలికకు. కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి గీతల బొమ్మ ఇంతకంటే నిజాయితీగల పాఠం.

రెండోది మైక్రోవేవ్ పొయ్యి. దాని తరంగాల పౌనఃపున్యం నీటి అణువు సహజ కంపనంతో సరిపోతుందని చాలాచోట్ల రాస్తారు. పొయ్యి పౌనఃపున్యం సెకనుకు 245 కోట్ల ఆవృతులు. ద్రవ నీరు అన్నిటికన్నా ఎక్కువగా గ్రహించేది గది వేడిలో సుమారు 2000 కోట్ల దగ్గర; అది కూడా పదునైన అనునాదం కాదు, వెడల్పాటి దిబ్బ. అణువులు క్షేత్రాన్ని అనుసరించి తిరగబోయి, పొరుగు బంధాల వల్ల వెనకబడి, ఆ తేడాలో వేడి పుడుతుంది. నీరు గట్టిగా పీల్చుకునే పౌనఃపున్యాన్నే వాడి ఉంటే వేడి పైపొరలోనే ఆగిపోయేది. మంచులో అణువులు బంధాల్లో ఇరుక్కుని చాలా నెమ్మదిగా తిరుగుతాయి కాబట్టి అది ఈ తరంగాలను దాదాపు పట్టించుకోదు. ఫ్రీజర్ నుంచి తీసిన కూరలో ఒక మూల సలసల కాగుతూ, ఇంకో మూల గడ్డకట్టి ఉండటానికి కారణం ఇది: ముందు కరిగిన చోటే ఇంకా ఇంకా వేడి పీల్చుకుంటుంది.

బంధమా, ఆకర్షణా

ధ్రువ అణువులన్నీ ఒకదాన్నొకటి ఆకర్షిస్తాయి. కానీ నీటి అణువుల మధ్య ఉన్నది ఆ మామూలు ఆకర్షణేనా? లాటిమర్, రోడెబుష్ 1920లో ఒక హైడ్రోజన్ రెండు అణువుల మధ్య నిలబడి పట్టి ఉంచగలదని సూచించారు. గంధకం, సెలీనియం, టెల్లూరియంల హైడ్రైడ్ల మరుగు స్థానాలను కిందికి పొడిగిస్తే నీరు సుమారు సున్నాకు 80 డిగ్రీలు దిగువన మరగాలి. 100 దగ్గర మరుగుతోంది. బెర్నాల్, ఫౌలర్ 1933లో మంచులోనూ నీటిలోనూ అణువు చుట్టూ నాలుగు పొరుగుల అమరికను నిర్మించారు. పౌలింగ్ 1935లో ఆ అమరికలో హైడ్రోజన్లు ఎటైనా ఉండగల స్వేచ్ఛను లెక్కకట్టి, అత్యల్ప ఉష్ణోగ్రతలోనూ మంచులో కొంత క్రమరాహిత్యం మిగులుతుందని చెప్పాడు. జియాక్, స్టౌట్ కొలతలు దాన్ని నిలబెట్టాయి.

ఈ బంధంలో విద్యుత్ ఆకర్షణ ఎంత, ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోలు ఎంత అన్నది దశాబ్దాల వాదన. 1999లో మంచు మీద ఎక్స్ కిరణాల పరిక్షేపణంతో సంయోజనీయ స్వభావం కనిపించిందని ఐజాక్స్ బృందం రాసింది. ఆ ఫలితాన్ని అలా చదవడం సరికాదని వెంటనే ఎదురు వాదనలు వచ్చాయి. అంతర్జాతీయ రసాయనశాస్త్ర సమాఖ్య 2011లో హైడ్రోజన్ బంధానికి కొత్త నిర్వచనం ఇచ్చింది. ఆ బృందానికి నాయకత్వం వహించింది బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన అరుణన్. సభ్యుల్లో గౌతమ్ దేశిరాజు ఉన్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మూడు దశాబ్దాలు పనిచేస్తూ, బలహీనమైన హైడ్రోజన్ బంధాలు కూడా స్ఫటికాలను నడిపిస్తాయని ప్రపంచాన్ని ఒప్పించిన శాస్త్రవేత్త ఆయన. కొత్త నిర్వచనం ఏ ఒక్క బలానికీ పట్టం కట్టలేదు. విద్యుత్ ఆకర్షణ, ఆవేశ బదిలీ, విక్షేపణ మూడూ ఉండవచ్చని ఒప్పుకుని, ఆధారాలు ఏవి కావాలో చెప్పింది. నీటి విషయంలో విద్యుత్ ఆకర్షణదే పెద్ద వాటా అని నేను చదివిన లెక్కలు చెబుతున్నాయి, కానీ మంచులో కోణాల క్రమశిక్షణను కేవలం దానితో వివరించడం కష్టం.

ద్రవంలో ఒక అణువుకు నిజంగా ఎన్ని బంధాలు ఉంటాయన్న ప్రశ్న కూడా తేలలేదు. మూడున్నర దాకా అని అందరూ నమ్ముతున్న కాలంలో, 2004లో ఎక్స్ కిరణాల శోషణ ఆధారంగా రెండే గట్టి బంధాలని, నీరు గొలుసులూ వలయాలుగా ఉంటుందని ఒక బృందం ప్రకటించింది. చాలామంది దాన్ని అంగీకరించలేదు, వర్ణపటాన్ని ఇంకోలా చదవవచ్చని చూపించారు. అధిక సంఖ్యాకుల మొగ్గు ఇప్పటికీ నాలుగుకు దగ్గరగా ఉన్న చెల్లాచెదురైన వల వైపే.

గత కొన్నేళ్లలో ఈ రంగాన్ని ఎక్కువగా కదిలించింది పలచని నీటి పొరల కొలత. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఫ్యుమగల్లీ, గైమ్ తదితరులు గ్రాఫైట్, బోరాన్ నైట్రైడ్ పొరల మధ్య కొన్ని అణువుల మందం మాత్రమే ఉండేలా నీటిని బంధించి, పొరకు నిలువు దిశలో దాని రోధక స్థిరాంకాన్ని 2018లో కొలిచారు. 78 కాదు, 2 దగ్గర వచ్చింది. అణువులు అవే, వంపు అదే, ఒంటరి జంటలు అవే. గోడల మధ్య తిరిగే స్వేచ్ఛ పోయింది, దాంతో బయటి క్షేత్రానికి జవాబిచ్చే శక్తీ పోయింది. ప్రోటీన్ల మడతల్లో, కణ పొరల రంధ్రాల్లో, బంకమట్టి పలకల మధ్య ఉండే నీరంతా ఇలా ఇరుక్కున్న నీరే. అక్కడ అయాన్ల మధ్య ఆకర్షణను 78తో భాగించి వేసిన లెక్కలను ఇప్పుడు తిరగదోడుతున్నారు.